పిలిచింది తమ్ముడా, ఆటా?

ఫోన్‌లో ఆటలు ఆడతానని చెప్పుకునే, నలభై దగ్గరపడ్డ ఆడమనిషిని మా హన్మకొండలో చూసే తీరు వేరే ఉంటుంది. ఆఫీసులో నా పక్క సీటావిడ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని సీరియల్ చూస్తుంది, ఎవరూ ఏమనరు. ఎదురు సీటు సారు రీల్స్ చూసుకుంటూ ఒక్కడే నవ్వుకుంటాడు, అదీ మామూలే. నేను అదే అరగంటలో చదరంగంలో ఒక ఎత్తు వేసి ఫోన్ బోర్లా పెడితే మాత్రం "మేడమ్‌కు ఇంకా చిన్నతనం పోలేదు" అని ఒక నవ్వు. పోకపోతే పోనీ, నాకేం నష్టం లేదు.

నా పేచీ ఇంకోటి. ఫోన్ ఆటల గురించి మన దగ్గర రెండే మాటలు తిరుగుతుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లది ఒకటి: గేమ్స్ అన్నీ ఒకటే, అన్నీ పాడుచేసేవే. ఆటలు తయారుచేసే కంపెనీలది ఇంకోటి: మా ఆట మనుషులను కలుపుతుంది, దోస్తులను దగ్గర చేస్తుంది. నాకు రెండింటి మీదా నమ్మకం లేదు. ఆటలో తుపాకులున్నాయా, పాచికలున్నాయా, రంగురంగుల గోలీలున్నాయా అని చూస్తే ఏమీ తేలదు. ఆ ఆట నా మనుషులతో ఏం చేస్తోందో చూడాలి. తమ్ముడితో ముచ్చట పెట్టాలని నేను ఆట తెరిస్తే అది నాకు పనికొస్తోంది. తమ్ముడి పేరు చెప్పి ఆటే నా చేత దాన్ని తెరిపిస్తే మేమిద్దరం దానికి పనికొస్తున్నాం. పైకి రెండింటినీ సోషల్ గేమింగ్ అనే అంటారు.

మా తమ్ముడు షార్జాలో ఉంటాడు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు దొరకడమే కష్టం కాబట్టి ఇందులో విశేషమేమీ లేదు. అమ్మ జమ్మికుంట దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది, అక్క కరీంనగర్‌లో, నేనిక్కడ. షార్జా నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది గానీ కాల్ కలవదు, ఆ దేశం రూల్స్ అట్లా ఉన్నాయి, అనుమతి ఉన్న వేరే యాప్‌లలో మాట్లాడుకోవాలి. సరే, మాట్లాడినా ఏం మాట్లాడతాం? "తిన్నవా?" "తిన్న." "అమ్మ మోకాళ్లు ఎట్లున్నయి?" "గట్లనే ఉన్నయి." "పైసలు అందినయా?" "అందినయి." అంతే, అయిపోయింది. తర్వాత ఇద్దరం ఫోన్ పట్టుకుని ఇంకేంది, ఇంకేంది అనుకుంటూ ఉంటాం. వీడియో కాల్ అయితే మరీ కష్టం, మొహం చూస్తూ అంతా మంచిగనే ఉంది అని చెప్పడం వాడికి రాదు, అందుకే సిగ్నల్ లేదని తప్పించుకుంటాడు.

లూడో మొదలైతే సంగతి మారిపోతుంది. నేను ప్రైవేట్ రూమ్ తెరిచి కోడ్‌ను ఇంటి గ్రూపులో వేస్తాను, నలుగురం చేరతాం, చూపు కాయల మీద ఉంటుంది కాబట్టి నోరు దాని పాటికది నడుస్తుంది. వాడి క్యాంపులో ఏసీ పాడై వారమైందన్నది, సూపర్‌వైజర్ మారాడన్నది, కొత్తగా వచ్చిన రూమ్మేట్ నిర్మల్ పిల్లగాడన్నది, రాత్రంతా ఆ పిల్లగాడు ఏడుస్తున్నాడన్నది, ఇవేవీ కాల్స్‌లో ఏనాడూ రాలేదు. అక్క కాయను చంపి ఇంటికి పంపిన సంతోషంలో, లేదంటే సిక్స్ పడక విసుగొచ్చినప్పుడు, గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది, అందులో సగం ఆట, సగం అసలు సంగతి. అమ్మకు టైప్ చేయడం రాదు, ఆమెదీ వాయిసే, ఆమె ఆటలోంచి గ్రూపులోకి వెళ్లి మాట్లాడి వచ్చేలోపు ఆమె వంతు దాటిపోతుంది. తిట్లు మాకు.

అమ్మకు ఆ ఆటంటే ఇష్టమే గానీ పాచిక మీద నమ్మకం లేదు. "గవ్వలైతే నా చేతిలుంటయి. గీ పాచిక ఎవనిదో, వానికి ఎవరు గెలవాల్నో ముందే తెలుసు" అంటుంది. నేను చదువుకున్న కంప్యూటర్ సైన్స్ అంతా పెట్టి, అది యాదృచ్ఛికంగా పడుతుందమ్మా, ఎవరూ వేయరు అని చెప్పి చూశాను. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె అనుమానంలో న్యాయం ఉంది, లోపల ఏం జరుగుతోందో మనం చూడలేం, కంపెనీ చెప్పిందే నమ్మాలి. ఆమె చిన్నప్పుడు ఇంటి ముందు గచ్చు మీద సుద్దతో గీసుకుని అష్టాచెమ్మా ఆడేవారు, నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అందరి కళ్లముందే. పచ్చీసు అంతకన్నా పెద్దవాళ్ల ఆట. ఫతేపూర్ సిక్రీ కోటలో నేల మీదనే పచ్చీసు పటం ఉంటుంది. దాన్నే కుదించి, ఒక పాచిక పెట్టి, 1896లో ఇంగ్లండ్‌లో లూడో పేరుతో పేటెంట్ తీసుకున్నారు. 2016లో ముంబయికి చెందిన గేమెషన్ కంపెనీ దాన్ని లూడో కింగ్‌గా ఫోన్‌లోకి తెచ్చింది. అదే ఏడు సెప్టెంబర్ 5న జియో మొదలైంది. నాకు తెలిసి ఊళ్లోని అమ్మలు ఫోన్‌లో ఆటలాడటానికి ఆ యాప్ ఎంత కారణమో ఆ సిమ్ము అంతకన్నా పెద్ద కారణం. 2020 లాక్‌డౌన్‌లో ఇక చెప్పేదేముంది, దేశమంతా దాని మీదే పడింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. మా ఇంట్లో నడిచే ఈ వ్యవహారంలో నెట్‌వర్క్ ఏది? లూడో యాప్ కాదు. అందులో మాకు పేర్లున్నాయి, బొమ్మలున్నాయి, లెవెళ్లున్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. అసలు నెట్‌వర్క్ మా నలుగురి గ్రూపు. రేపు లూడో మూతబడితే ఇంకో ఆట కోడ్ అందులో పడుతుంది. కంపెనీలకు నచ్చనిది సరిగ్గా ఇదే. నా దోస్తుల పట్టిక తమ దగ్గరే ఉండాలని, అది లేకుండా నేను కదలలేకపోవాలని వాటి కోరిక.

ఆ కోరిక కొత్తది కాదు. మా బావ ఏడాది అమెరికాలో ప్రాజెక్టు మీద ఉండి వస్తూ ఆపిల్ వాళ్ల ఐపాడ్ టచ్ (కాల్స్ లేని ఐఫోన్ లాంటిది) ఒకటి తెచ్చాడు, అది అక్క చేతిలోంచి నా చేతికొచ్చింది. అందులో ఏ ఆట తెరిచినా ముందు ఓపెన్‌ఫెయింట్ అనే పేరు కనపడేది. ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియదు. 2009లో జేసన్ సిట్రన్ వాళ్లు తమ సొంత ఆట కోసం చేసుకున్న చాటింగ్, స్కోరు పట్టికల ఏర్పాటును మిగతా ఆటలవాళ్లు కూడా వాడుకునేలా ఇచ్చారు. ఆటలు ఎన్నున్నా నా పేరు ఒకటే, నా దోస్తుల పట్టిక ఒకటే, ఏ ఆటలో ఎవరు నన్ను దాటారో ఒకే చోట తెలుస్తుంది. అప్పట్లో అది నిజంగా ముద్దుగా ఉండేది, కాదనను. 2010 సెప్టెంబర్‌లో ఆపిల్ అదే పని చేసే తన గేమ్ సెంటర్‌ను దించింది, ఆకుపచ్చ గుడ్డ పరిచిన జూదం బల్ల లాంటి బొమ్మతో. 2011లో జపాన్ కంపెనీ గ్రీ ఓపెన్‌ఫెయింట్‌ను 10.4 కోట్ల డాలర్లకు కొన్నది. 2012 డిసెంబర్ 14న దాన్ని మూసేసింది. డబ్బు పెట్టి కొన్నది మూసేయడానికా అని అప్పుడు ఆశ్చర్యపోయాను, కొన్నది సాఫ్ట్‌వేర్‌ను కాదు, అందులోని మనుషులను అని తర్వాత అర్థమైంది. ఆ మనుషులను గ్రీ తన సొంత నెట్‌వర్క్‌లోకి తోలుకుపోదామనుకుంది. రాలేదు. ఎవరింటికి వాళ్లు పోయారు.

గేమ్ సెంటర్ యాప్ కూడా 2016లో ఫోన్ తెర మీద నుంచి మాయమైంది, లోపల సర్వీసు మాత్రం నడుస్తూనే ఉంది. మళ్లీ 2025లో గేమ్స్ అనే కొత్త యాప్‌గా ఆపిల్ దాన్ని పైకి తెచ్చింది. గూగుల్ 2013లో తెచ్చిన ప్లే గేమ్స్ మొదట్లో గూగుల్ ప్లస్ అనే దాని సోషల్ నెట్‌వర్క్‌కు ముడిపడి ఉండేది. ఆ ముడి విప్పింది, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఎవరి లెక్కలు వాళ్లవి, మధ్యలో మన దోస్తుల పట్టికలు ఎక్కడికక్కడ ఆవిరైపోయాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన మలుపు ఒకటుంది. అదే జేసన్ సిట్రన్ ఆ తర్వాత ఒక ఆట చేశాడు, అది నడవలేదు, 2015లో డిస్కార్డ్ పెట్టాడు. మొదట డిస్కార్డ్‌లో ఆట లేదు, మాటే ఉండేది. ఏ ఆట ఆడుకుంటారో మీ ఇష్టం, మాట్లాడుకోవడానికి ఇక్కడికి రండి అన్నాడు. ఆటల లోపల స్నేహాలను కుదురుద్దామని చూసినాయన, స్నేహం ఆట బయట ఉంటేనే నిలుస్తుందన్న చోటికి చేరాడని నేను అర్థం చేసుకున్నాను. ఆయన అట్లా అన్నాడో లేదో పక్కన పెట్టండి, చేసిన పని మాత్రం అదే చెప్తోంది.

అక్క కొడుకు విషయంలో ఇది ఇంకా గట్టిగా తెలిసింది. వాడు ఇంటర్‌లో ఉండగా పబ్‌జీ పిచ్చి. రాత్రిళ్లు తలుపు కింద నుంచి వెలుగు, లోపలి నుంచి "రైట్ సైడ్, రైట్ సైడ్, ఇంటి మీదున్నడు" అని గుసగుసలు, అక్క టెన్షన్. వాడి స్క్వాడ్‌లో ఒకడు బోధన్ వాడు, ఒకడు పాట్నా వాడు, ఇంకొకడు ఎక్కడివాడో వాడికే తెలియదు. పేర్ల నిండా కిరీటాలు, కత్తులు, బాణాలు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో అదీ ఒకటి, అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. అక్క ఇంట్లో పండగ. వాడు మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆట పోయినందుకు అనుకున్నారంతా. నేను అడిగితే చెప్పాడు, "ఆట ఏదైనా ఆడుకోవచ్చు చిన్నమ్మా, ఆ పాట్నా అన్న నంబర్ లేదు నా దగ్గర." ఆ పాట్నా అన్న పరీక్షలప్పుడు వీడిని ఆటలోంచి వెళ్లగొట్టి చదువుకోమనేవాడట. వాడి అసలు పేరు కూడా వీడికి తెలియదు. తర్వాత 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్లీ తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. పాట్నా అన్న రాలేదు.

నిషేధం తప్పా ఒప్పా అన్న చర్చలోకి నేను పోను, దేశాల మధ్య సంగతులు వేరు. నిషేధం కాకపోయినా కంపెనీ లాభం చూసుకుని మూసేసినా జరిగేది ఇదే. స్నేహం మనది, దాని చిరునామా వాళ్లది. అట్లాగని పిల్లలు ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఫోన్ నంబర్లు ఇచ్చుకోవాలని నేను చెప్పడం లేదు. ముఖ్యంగా ఆడపిల్లలకు అసలు చెప్పను, ఎందుకో నాకు బాగా తెలుసు. అందరికీ తెరిచిన రూములో నా పేరు పెట్టుకుని ఆడిన రోజుల్లో, నా వంతు రాకముందే "హాయ్ డియర్" వచ్చేది. జవాబివ్వకపోతే తిట్టు వచ్చేది. గెలిస్తే అంతకన్నా పెద్ద తిట్టు. ఇప్పుడు నా పేరు ఆడో మగో తెలియని ఒక చెరువు పేరు, కొత్తవాళ్లతో ఆడినప్పుడు చాట్ మూసే ఉంటుంది. మా ఆయన "అంత కష్టపడి ఆడుడెందుకు" అంటాడు. బస్సులో ఇబ్బంది పెట్టేవాళ్లున్నారని ఆఫీసుకు పోవడం మానలేదు కదా అని నేనంటాను. కానీ ఒక మాట నిజం: ప్రపంచ స్థాయి స్కోరు పట్టికలో నేను కొన్ని లక్షల మంది వెనకాల ఉన్నానని తెలిస్తే నాకు వచ్చేదీ లేదు పోయేదీ లేదు. అక్క కన్నా ముందున్నానని తెలిస్తే ఆ పూట బాగుంటుంది. ఆటకు నలుగురు చాలు. వాళ్లు తెలిసినవాళ్లై ఉండాలి.

ఇక అసలు కోపం దగ్గరికి వస్తాను. పేరు చెప్పను గానీ ఒక ఆటలో నేనూ తమ్ముడూ ఉండేవాళ్లం. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో నా కౌంటర్ దగ్గర రద్దీగా ఉన్నప్పుడు ఫోన్ మీద ఒక సందేశం: మీ తమ్ముడు మీ కోసం ఎదురుచూస్తున్నాడు, వాడి పేరుతో, వాడి ఫొటోతో. ఆ టైముకు వాడు డ్యూటీలో ఉండాలి. ఏమైందోనని గుండె ఝల్లుమంది. పక్కకు వెళ్లి తెరిస్తే ఏమీ లేదు, వాడికి ఐదు బంగారు నాణేలు పంపమని ఒక బొత్తాం. సాయంత్రం వాడిని అడిగితే, ఫోన్ పొద్దున్నే లాకర్లో పెట్టి పనికిపోయిన, ఆ ఆట తెరవక చాలా రోజులైంది అన్నాడు. "నీ పేరుతోని నాకు కూడా వస్తయక్కా, నేను చూడ" అన్నాడు. చెప్పకుండా పెళ్లిపత్రికలో మన పేరు అచ్చువేసి ఊరంతా పంచినట్టు, మా ఇద్దరి పేర్లూ మా ఇద్దరికీ తెలియకుండా తిరుగుతున్నాయి.

ఇది ఎవరో పొరపాటున చేసింది కాదు. ఈ కళ ఫేస్‌బుక్ ఆటల కాలంలోనే ముదిరింది. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో వేసిన పంట టైముకు కోయకపోతే ఎండిపోయేది, పక్క పొలం వాళ్ల సాయం లేకపోతే పని నడిచేది కాదు, కాబట్టి అందరినీ పిలవాల్సిందే. నిజం పొలాలున్న మా చిన్నాన్నలు ఈ సంగతి విని నవ్వారు, మొగులు చూసి వేసే పంటకే దిక్కులేదంటే ఇదొకటా అని. 2010లోనే ఇయాన్ బోగోస్ట్ అనే ఆయన దీన్ని వెక్కిరించడానికి ఒక ఆట చేశాడు, అందులో తెర మీద ఆవు ఉంటుంది, ఆరు గంటలకోసారి దాన్ని నొక్కాలి, దోస్తులను పిలిస్తే వాళ్ల ఆవులు కూడా చేరతాయి, అంతకు మించి ఏమీ లేదు. వెక్కిరింపని తెలిసి కూడా వేలమంది నొక్కారు! 2015 అక్టోబర్‌లో జుకర్‌బర్గ్ ఢిల్లీ ఐఐటీకి వచ్చి ప్రశ్నలు అడగండి అంటే, జనం ఎక్కువ ఓట్లు వేసిన ప్రశ్న ఇంటర్నెట్ స్వేచ్ఛ గురించి కాదు, క్యాండీ క్రష్ ఆహ్వానాలు ఎట్లా ఆపాలి అని. దాని మీద పనిచేస్తున్నామని ఆయన చెప్పాల్సి వచ్చింది. ఆ ఆహ్వానాలు పంపినవాళ్లెవరు? మన మేనత్తలు, పాత క్లాస్‌మేట్లు, ఎప్పుడో ఒకసారి కలిసిన ఎల్ఐసీ ఏజెంట్లు. వాళ్లకు మన మీద ప్రేమ పొంగి కాదు, ఆ ఆహ్వానం పంపితే తర్వాతి మెట్టు తొందరగా తెరుచుకునేది కాబట్టి.

ఇంకో తీరుగా చేయలేరా అంటే చేయొచ్చు. దానికి నా దగ్గర సాక్ష్యం చదరంగం. మా వరంగల్‌లో పుట్టిన ఇరిగైసి అర్జున్ 2024 డిసెంబర్‌లో ప్రపంచ చదరంగ సంస్థ ఫిడే రేటింగ్ పట్టికలో 2800 దాటాక, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడయ్యాక, ఇక్కడ చదరంగానికి ఒక్కసారిగా గౌరవం వచ్చింది. ఫోన్‌లో చెస్ ఆడుతున్నానంటే మా అత్తమ్మ కూడా "ఆడనీ తియ్" అంటుంది, లూడో అంటే అనదు. అది వేరే సంగతి. లీచెస్ అనే యాప్ ఉంది, ఫ్రాన్స్‌కు చెందిన తిబో డుప్లెసీ 2010లో మొదలుపెట్టాడు. ప్రకటనలు లేవు, నాణేలు లేవు, విరాళాల మీద నడుస్తుంది, కోడ్ ఎవరైనా చూడొచ్చు (అమ్మ పాచిక గొడవ ఇక్కడుండదు). అందులో ఒక ఎత్తుకు రోజులు రోజులు టైము పెట్టుకుని ఆడొచ్చు. నేనూ తమ్ముడూ అట్లా ఒక ఆట నడిపిస్తాం. వాడు షిఫ్టు దిగి ఎత్తు వేస్తే నాకు కబురొస్తుంది. వేయకపోతే రాదు. అంతే తేడా, కానీ ఎంత తేడా! ఆ కబురు వచ్చిందంటే వాడు నిజంగా డ్యూటీ దిగి, ఫోన్ చేతిలోకి తీసుకుని, నా గుర్రం గురించి ఆలోచించాడని అర్థం. మెసేజ్ పెట్టని రోజు కూడా వాడు బాగున్నాడని ఆ ఒక్క ఎత్తుతో తెలుస్తుంది.

ఇప్పుడు చట్టం సంగతి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ మీద వేటు వేసింది, డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యం అన్న వాదన ఇక్కడ చెల్లదంది. ప్రకటనల చివర రైలు వేగంతో చదివే "తెలంగాణలో వర్తించదు" మనందరికీ గుర్తే. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. అందులో మూడు రకాలు: ఈ-స్పోర్ట్స్ (పోటీలుగా ఆడే వీడియో ఆటలు), ఆన్‌లైన్ సోషల్ గేమ్స్, ఆన్‌లైన్ మనీ గేమ్స్. మూడోది నిషేధం, నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ఆడేవాళ్లకు శిక్ష లేదు. మొదటి రెండింటికీ ప్రోత్సాహం. మంచిదే, రమ్మీలో ప్లాటు పోగొట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఒకటుంది, ఆ ఇల్లాలిని చూసినవాళ్లెవరూ ఈ చట్టాన్ని తిట్టరు. కానీ సోషల్ గేమ్ అంటే ఏమిటని ఆ చట్టం చెప్పేదంతా డబ్బు చుట్టే తిరుగుతుంది. పందెం లేకపోతే చాలు, చందా కట్టించుకున్నా సరే, అది సోషల్. అందులో మనుషులతో ఏం చేస్తున్నారన్న ప్రశ్న లేదు. నా తమ్ముడి ఫొటో చూపించి నన్ను కౌంటర్ దగ్గర నుంచి లేపిన ఆట కూడా ఈ లెక్కన ప్రోత్సహించాల్సిన సోషల్ గేమే.

పిల్లల వరకు 2023 డేటా రక్షణ చట్టం కొంత నయం, 18 ఏళ్లలోపు వాళ్లను వెంటాడి చూడటం, గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదంది, తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. అనుమతి ఎట్లా వస్తుందో ఇళ్లలో చూస్తున్నాం కదా, బీజీఎంఐ వచ్చినప్పుడు చిన్నపిల్లలకు రోజుకు 3 గంటలే అని పెడితే, అమ్మ ఫోన్‌కు వచ్చే ఓటీపీ అమ్మ కన్నా ముందు పిల్లలే చదువుకున్నారు. ఇంకో సంగతి, అదే డేటా చట్టం 2019 ముసాయిదాలో మన సమాచారాన్ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పట్టుకుపోయే హక్కు ఉండేది. 2023లో చట్టమయ్యేసరికి అది లేదు. పెద్దగా ఎవరూ అడగలేదు, ఎందుకంటే అదేదో కంప్యూటర్లవాళ్ల గొడవ అనుకున్నారు. అక్క కొడుకు పాట్నా అన్నను పోగొట్టుకున్నది అక్కడే. ఆట మూసే ముందు, ఇద్దరూ ఒప్పుకుంటే ఒకరి చిరునామా ఒకరికి ఇచ్చి పొమ్మని కంపెనీకి చెప్పే రూలు ఒకటుంటే చాలు, కష్టమైన పని కూడా కాదు. దాంతోపాటు, నా దోస్తు నిజంగా చేయని పనిని వాడి పేరుతో నాకు పంపకూడదని ఒక రూలు. సోషల్ అనే ముద్ర వేయించుకోవాలంటే ఈ రెండూ పాటించాలి. ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఆటల రిజిస్ట్రేషన్ మాట ఎట్లాగూ ఉంది కదా, ఆ కాగితంలో రెండు గళ్లు పెంచితే ఏం పోతుంది?

అక్క దీనికి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడానికి ఆమెకు మంచి కారణమే ఉంది. "నీవన్నీ పుస్తకం మాటలే. ఆట గుర్తుచేయకపోతే మనం నలుగురం కలిసేదే లేదు. ఆడు మొహమాటపోడు, ఆడుదామా అని అడగడు. ఫోనే అడిగితే ఆని పరువు పోదు, మన పరువు పోదు" అంటుంది. నిజమే, వాడు అడగడు. దసరాకు వస్తున్నావా అని మేమడిగితేనే చెప్తాడు, ఒంట్లో బాగాలేదని క్యాంపులో ఇంకొకరు చెప్తేనే తెలుస్తుంది. అట్లాంటివాడికి అబద్ధం పిలుపైనా ఒక సాకు అవుతుందని అక్క ఉద్దేశం. ఇక్కడ నా వాదన కొంచెం తగ్గుతుంది, తగ్గించుకోక తప్పదు. అయినా సాకు కావాలంటే దాన్ని మనమే పెట్టుకోవచ్చు కదా, వారానికోసారి ఫలానా టైముకు మోగమని నలుగురం కలిసి చెప్తే మోగే గంటకూ, కౌంటర్ దగ్గర రద్దీలో ఉండగా నాణేల కోసం మోగే గంటకూ తేడా లేదా అంటే, "గా గంట పెట్టేదెవరు, నువ్వా?" అని అడిగింది.

ప్రస్తుతానికి రాజీ కుదిరింది. నోటిఫికేషన్లన్నీ నలుగురి ఫోన్లలోనూ బంద్, చెస్ ఒక్కదానికి తప్ప. శనివారం సాయంత్రం గ్రూపులో ఎవరెవరు ఆడతారని అడిగే పని అక్కది, రూమ్ కోడ్ వేసేది నేను, అమ్మకు కాస్త ముందు ఫోన్ చేసి చార్జింగ్ ఉందా లేదా చూసుకోమని చెప్పేది అక్క కొడుకు. షార్జాలో మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి ఎనిమిదికి ముందు వద్దని తమ్ముడు అన్నాడు. పోయిన శనివారం అక్క అడగడం మర్చిపోయింది, ఎవరూ ఆడలేదు, దాని మీద గొడవ ఇంకా నడుస్తోంది.